అప్‌లోడ్ కొట్టకముందే ఫొటో కొలతలు బ్రౌజర్‌లోనే చూడొచ్చు, కానీ ఎవరి కోసం చూస్తున్నామో తెలిసి చూడాలి

ఏదో ఒక ఫామ్‌లో ఫొటో పెట్టమంటారు, యూజర్ ఫోన్‌లో తీసిన 8 ఎంబీ ఫొటో సెలెక్ట్ చేస్తాడు, అప్‌లోడ్ బార్ మెల్లగా పాక్కుంటూ చివరిదాకా వెళ్తుంది, తీరా అంతా అయ్యాక ఎర్ర అక్షరాల్లో ఇమేజ్ 2000 పిక్సెల్స్ కంటే పెద్దగా ఉంది అని వస్తుంది. డేటా పోయింది, టైమ్ పోయింది, కొన్ని సైట్లలో అయితే ఫామ్‌లో అప్పటిదాకా నింపిన మిగతా వివరాలు కూడా పోతాయి. ఇది అసలు జరగక్కర్లేదు. ఆ ఫొటో వెడల్పెంత ఎత్తెంత అనేది దాదాపు ప్రతి ఇమేజ్ ఫైల్‌లో మొదట్లోనే ఎక్కడో రాసి ఉంటుంది, ఆ ఫైల్ ఏమో యూజర్ చేతిలోనే ఉంది, దాన్ని చదవగలిగే బ్రౌజర్ కూడా అక్కడే ఉంది, మరి సర్వర్ దాకా మోసుకెళ్లి అడగడం దేనికి?

2010 ముందు వరకు దీనికి గట్టి కారణమే ఉండేది, పేజీలోని జావాస్క్రిప్ట్‌కి యూజర్ ఎంచుకున్న ఫైల్ లోపలికి తొంగి చూసే దారి ప్రామాణికంగా లేదు, ఫైల్ పేరు తెలిసేది అంతే, అందుకే అప్పట్లో చాలామంది ఫ్లాష్ ప్లగిన్ల మీద ఆధారపడేవాళ్లు. ఫైర్‌ఫాక్స్ 3.6 వచ్చాక ఎంచుకున్న ఫైల్ లోపలి డేటాని చదివే ఫైల్ రీడర్ అనేది వచ్చింది, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రం 2012లో 10వ వెర్షన్ దాకా ఆగాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ ఇబ్బంది ఏ బ్రౌజర్‌లోనూ లేదు. అయినా ఇప్పటికీ ఈ చెక్ పెట్టని సైట్లు బోలెడు, పెట్టినవాటిలో కూడా తప్పుగా పెట్టినవి చాలా ఉన్నాయి, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

ముందు ఒక కన్ఫ్యూజన్ తీసేద్దాం. సైజు అంటే ఎంబీలు, కొలతలు అంటే పిక్సెల్స్, ఈ రెండిటికీ నేరుగా లెక్క కుదరదు. 4000×3000 ఫొటోని జేపెగ్‌లో గట్టిగా నొక్కితే 1 ఎంబీలో పట్టొచ్చు, అదే ఫొటో క్వాలిటీ ఎక్కువ పెట్టి సేవ్ చేస్తే 8 ఎంబీ దాటొచ్చు. ఫైల్ సైజు చూసి పిక్సెల్స్ అంచనా వేసే కోడ్ అక్కడక్కడ కనిపిస్తుంది, అది ఎప్పటికీ కరెక్ట్ అవ్వదు. డీపీఐ (ప్రింట్‌లో ఒక అంగుళానికి ఎన్ని చుక్కలు) గురించి కూడా అడుగుతుంటారు, ప్రింట్ చేసేటప్పుడు తప్ప దానికి ఇక్కడ పనిలేదు, అది ఫైల్‌లో రాసిన ఒక నంబర్ మాత్రమే, దాన్ని 72 నుంచి 300కి మార్చినా ఒక్క పిక్సెల్ కూడా పెరగదు.

ఫైల్‌ని అడిగితే చెప్పదు

యూజర్ ఫైల్ ఎంచుకోగానే మనకి దొరికేది ఒక ఫైల్ ఆబ్జెక్ట్. దాంట్లో పేరు ఉంటుంది, బైట్లలో సైజు ఉంటుంది, టైప్ ఉంటుంది, చివరిసారి ఎప్పుడు మార్చారో ఉంటుంది. విడ్త్, హైట్ ఉండవు. కొత్తగా ఈ పని మొదలుపెట్టినవాళ్లు మొదట ఇక్కడే ఆగిపోతారు, ఎక్కడో ఒక ప్రాపర్టీ ఉండే ఉంటుంది అని వెతుకుతారు, లేదు. బ్రౌజర్ దృష్టిలో అది ఇంకా బైట్ల మూట మాత్రమే, అది ఫొటోనా కాదా అని కూడా చూడలేదు. టైప్ అనే దాంట్లో ఇమేజ్ స్లాష్ జేపెగ్ అని కనిపిస్తుంది కదా అంటారేమో, అది ఎక్కువగా ఫైల్ పేరు చివర ఉన్న ఎక్స్‌టెన్షన్ చూసి వేసిన ముద్ర. నోట్స్ రాసుకున్న టెక్స్ట్ ఫైల్‌కి పేరు మార్చి చివర డాట్ జేపీజీ తగిలిస్తే టైప్‌లో జేపెగ్ అనే వస్తుంది. కాబట్టి కొలతలు కావాలంటే ఎవరో ఒకరు ఫైల్‌ని తెరిచి లోపల చూడాలి.

ఎక్కువమందికి సరిపోయే పద్ధతి, ఆ పని బ్రౌజర్‌కే అప్పజెప్పడం. యూఆర్ఎల్ డాట్ క్రియేట్ఆబ్జెక్ట్‌యూఆర్ఎల్ అనే ఫంక్షన్‌కి ఫైల్ ఇస్తే బ్లాబ్ అని మొదలయ్యే ఒక టెంపరరీ అడ్రస్ ఇస్తుంది, కొత్త ఇమేజ్ ఆబ్జెక్ట్ ఒకటి చేసి దాని సోర్స్‌గా ఆ అడ్రస్ పెడతాం, ఆన్‌లోడ్ (ఇమేజ్ లోడ్ అయిందన్న కబురు) వచ్చాక నేచురల్‌విడ్త్, నేచురల్‌హైట్ చదువుతాం, పని అయ్యాక రివోక్ఆబ్జెక్ట్‌యూఆర్ఎల్ అని ఆ అడ్రస్‌ని వదిలేస్తాం. ఈ చివరి స్టెప్ చాలామంది మర్చిపోతారు, అలా వదిలేస్తే పేజీ మూసేదాకా ఆ ఫైల్‌ని బ్రౌజర్ పట్టుకునే ఉంటుంది, ఒక్క ఫొటో అయితే పర్లేదు గానీ గ్యాలరీ అప్‌లోడ్ లాంటి చోట వందల ఫొటోలు అయితే మెమరీ మీద పడుతుంది. ఆన్‌ఎర్రర్‌లో (లోడ్ కాలేదన్న కబురు) కూడా వదలాలి, ఆన్‌లోడ్‌లో మాత్రమే కాదు.

విడ్త్ అని కాకుండా నేచురల్‌విడ్త్ అని ఎందుకంటే, ఆ ఇమేజ్‌ని పేజీలో ప్రివ్యూగా చూపిస్తూ సీఎస్ఎస్‌లో 200 పిక్సెల్స్ అని పెట్టి ఉంటే విడ్త్ మీకు 200 అని చెప్తుంది, ఫొటో అసలు 4000 ఉన్నా సరే. నేచురల్ అన్నది అసలు కొలత.

పాత ట్యుటోరియల్స్‌లో దీనికి బదులు ఫైల్ రీడర్‌తో డేటా యూఆర్ఎల్‌గా చదివి దాన్ని సోర్స్‌గా పెట్టమని ఉంటుంది. పనిచేస్తుంది, కాకపోతే ఫైల్ మొత్తాన్ని బేస్64 టెక్స్ట్‌గా మార్చాలి, ప్రతి 3 బైట్లకి 4 అక్షరాలు, అంటే మూడో వంతు పెరుగుతుంది, 9 ఎంబీ ఫొటోకి 12 ఎంబీ స్ట్రింగ్ తయారవుతుంది, కేవలం రెండు నంబర్ల కోసం. ఇప్పుడు కొత్తగా రాసే కోడ్‌లో అది వాడాల్సిన అవసరం నాకైతే కనిపించదు.

ఎక్కువమంది పడిపోయే చోటు

సోర్స్ పెట్టిన వెంటనే కింది లైన్‌లో నేచురల్‌విడ్త్ చదివితే సున్నా వస్తుంది. ఎందుకంటే ఇమేజ్ లోడ్ అవ్వడం వెనకాల విడిగా జరుగుతుంది, మన కోడ్ దాని కోసం ఆగదు. అలాగే ఆన్‌లోడ్ లోపల ఫాల్స్ అని రిటర్న్ చేస్తే ఫామ్ ఆగుతుంది అనుకుంటారు, ఆ ఫాల్స్ ఎవరికీ చేరదు, బయటి ఫంక్షన్ అప్పటికే ముగిసిపోయి ఫామ్ సర్వర్ వైపు వెళ్లిపోయి ఉంటుంది. ఇక్కడ ఇంకో తమాషా ఏంటంటే డెవలపర్ మెషిన్‌లో అది కొన్నిసార్లు పనిచేసినట్టే కనిపిస్తుంది, అలర్ట్ బాక్స్ ఒకటి మధ్యలో పెట్టి టెస్ట్ చేస్తే ఆ ఆగిన టైమ్‌లో లోడ్ అయిపోయి నంబర్ వచ్చేస్తుంది, అలర్ట్ తీసేయగానే మళ్లీ సున్నా.

దీనికి సరైన దారి, కొలత చదివే పనిని ఒక ప్రామిస్‌లో (జవాబు తర్వాత ఇస్తానని చెప్పే ఆబ్జెక్ట్) చుట్టి, అవెయిట్‌తో దాని జవాబు వచ్చేదాకా ఆగడం. అయితే అది ఎప్పుడు చేయాలి అన్నది ఇంకా ముఖ్యం. సబ్మిట్ బటన్ నొక్కినప్పుడు కాదు, ఫైల్ ఎంచుకున్న క్షణంలోనే, అంటే చేంజ్ ఈవెంట్‌లోనే చేయాలి. అప్పుడు యూజర్ ఇంకా ఆ ఫొటో దగ్గరే ఉంటాడు, వేరేది ఎంచుకోవడం తేలిక. సబ్మిట్‌ని ఆపడానికి కూడా సొంత తెలివితేటలు అక్కర్లేదు, ఇన్‌పుట్‌కి సెట్‌కస్టమ్‌వాలిడిటీ అని ఒకటి ఉంది, దానికి ఏదైనా మెసేజ్ ఇస్తే ఆ ఫామ్‌ని బ్రౌజరే ఆపుతుంది, ఖాళీ స్ట్రింగ్ ఇస్తే వదులుతుంది. ఫైల్ మారగానే ఫొటో చూస్తున్నాం కాస్త ఆగండి అని పెట్టండి, కొలత సరిపోతే ఖాళీ చేయండి, సరిపోకపోతే కారణం రాయండి. చెక్ ఇంకా అవుతుండగానే యూజర్ సబ్మిట్ కొట్టేస్తే ఏంటి అన్న ప్రశ్నకి కూడా దీంట్లోనే జవాబు వచ్చేస్తుంది. ఒకటి గుర్తుంచుకోండి, కోడ్ నుంచి ఫామ్ డాట్ సబ్మిట్ అని పిలిస్తే ఈ చెక్‌లన్నీ దాటేసి పంపేస్తుంది, రిక్వెస్ట్‌సబ్మిట్ అని పిలిస్తేనే చెక్‌లు నడుస్తాయి.

క్రియేట్ఇమేజ్‌బిట్‌మ్యాప్ అని ఇంకో పద్ధతి ఉంది, ఫైల్‌ని నేరుగా ఇస్తే ప్రామిస్ ఇస్తుంది, అందులోంచి విడ్త్ హైట్ వస్తాయి, రాయడానికి చాలా నీట్‌గా ఉంటుంది, వెబ్ వర్కర్‌లో (పేజీని ఆపకుండా వెనకాల నడిచే స్క్రిప్ట్) కూడా నడుస్తుంది. కానీ అది ఫొటోని పూర్తిగా డీకోడ్ చేస్తుంది, అంటే కుదించిన ఫైల్‌ని విప్పి ప్రతి పిక్సెల్‌నీ మెమరీలో పెడుతుంది. జేపెగ్ డిస్క్ మీద 4 ఎంబీ ఉన్నా డీకోడ్ అయ్యాక ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు, 4000×3000 అంటే 4.8 కోట్ల బైట్లు, సుమారు 48 ఎంబీ. 6000×4000 కెమెరా ఫొటో అయితే 96 ఎంబీ. ఒకేసారి 20 ఫొటోలు ఎంచుకుని అన్నిటినీ ఒకేసారి ఇలా తెరిస్తే తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్‌లో ట్యాబ్ పడిపోతుంది. మామూలు ఇమేజ్ ఆబ్జెక్ట్ పద్ధతిలో ఈ బాధ తక్కువ, బ్రౌజర్లు సాధారణంగా స్క్రీన్ మీద గీయాల్సి వచ్చేదాకా పూర్తి డీకోడ్‌ని వాయిదా వేస్తాయి. ఎలాగూ ఆ ఫొటోని తర్వాత కాన్వాస్ (పేజీలో కోడ్‌తో బొమ్మలు గీసే చోటు) మీద గీసి చిన్నది చేయబోతున్నారంటే మాత్రం బిట్‌మ్యాప్ మంచిదే, పనయ్యాక క్లోజ్ అని పిలవడం మర్చిపోకండి, ఫొటోల్ని ఒకటి తర్వాత ఒకటి తీసుకోండి.

లోపలికి వెళ్లి మనమే చదివితే

ఇదంతా కాకుండా బైట్లు మనమే చదువుకోవచ్చు, ఇది నాకు బాగా ఇష్టమైన భాగం, ఎందుకంటే కొలతలు ఎక్కడ దాక్కున్నాయో కళ్లతో చూస్తాం. ఫైల్ ఆబ్జెక్ట్‌కి స్లైస్ అని ఉంది, మొత్తం ఫైల్ చదవకుండా మొదటి ముక్క మాత్రమే తీసుకోవచ్చు. పీఎన్‌జీ అయితే మొదటి 8 బైట్లు దాని గుర్తు, మొదటి బైట్ 137, తర్వాత మూడు అక్షరాలు పీ, ఎన్, జీ. ఆ తర్వాత 8 బైట్లు వదిలేస్తే 16వ స్థానం (సున్నా నుంచి లెక్కపెడితే) నుంచి 4 బైట్లు వెడల్పు, 20 నుంచి 4 బైట్లు ఎత్తు. అంటే 24 బైట్లు చాలు, ఫైల్ 50 ఎంబీ ఉన్నా సరే. జిఫ్ ఇంకా తేలిక, 6వ స్థానం నుంచి 2 బైట్లు వెడల్పు, ఆ తర్వాత 2 బైట్లు ఎత్తు, కాకపోతే ఇక్కడ బైట్ల వరుస తిరగబడి ఉంటుంది, పీఎన్‌జీలో పెద్ద బైట్ ముందు, జిఫ్‌లో చిన్న బైట్ ముందు. డేటావ్యూతో (బైట్లని నంబర్లుగా చదివే జావాస్క్రిప్ట్ ఆబ్జెక్ట్) జిఫ్ చదివేటప్పుడు చిన్న బైట్ ముందు అని చెప్పకపోతే 500 వెడల్పు ఉన్న బొమ్మ 62,465 అని వస్తుంది.

జేపెగ్ దగ్గరే అసలు చిక్కు. దాంట్లో కొలతలకి ఒక ఫిక్స్‌డ్ చోటు లేదు. ఫైల్ 255, 216 అనే రెండు బైట్లతో మొదలై తర్వాత సెగ్మెంట్లుగా నడుస్తుంది, ఒక్కో సెగ్మెంట్ మొదట్లో 255, తర్వాత అది ఏ రకమో చెప్పే బైట్, తర్వాత దాని పొడవు. కొలతలు ఉన్న సెగ్మెంట్ రకం 192 అయితే మామూలు జేపెగ్, 194 అయితే ప్రోగ్రెసివ్ (మసకగా మొదలై మెల్లగా స్పష్టమయ్యే రకం). 192 నుంచి 207 మధ్య ఉన్నవన్నీ అవే అనుకోకూడదు, 196, 200, 204 వేరే పనులకి. అది దొరికేదాకా పొడవు చూసుకుంటూ గెంతుకుంటూ వెళ్లాలి, దొరికాక మొదట ఎత్తు, తర్వాత వెడల్పు ఉంటాయి, చాలామంది ఇక్కడ తిరగేసి చదువుతారు. గెంతడం ఎందుకు, 255, 192 అనే జంట కోసం నేరుగా వెతికితే పోలా అనిపిస్తుంది. పోదు, కెమెరా ఫొటోల్లో ఎగ్జిఫ్ (ఫొటో గురించి కెమెరా రాసుకునే వివరాలు) అనే సెగ్మెంట్ లోపల చిన్న థంబ్‌నెయిల్ దాక్కుని ఉంటుంది, అది కూడా ఒక పూర్తి జేపెగ్, దాని కొలతలు ముందు దొరికి 4000 పిక్సెల్స్ ఫొటోని 160×120 అని చెప్పి తిప్పి పంపేస్తారు. ఒక్కో సెగ్మెంట్ 64 కేబీ దాకా ఉండొచ్చు, అలాంటివి కొలతల కంటే ముందు ఒకటికి మించి ఉండొచ్చు కాబట్టి, మొదటి 64 కేబీలో దొరక్కపోతే ఇంకొంచెం చదవాలి.

ఇంత కష్టం ఎప్పుడు పడాలి అంటే, ఫొటోలు మరీ ఎక్కువగా ఉన్నప్పుడు, లేదా తెలియని ఫైల్‌ని డీకోడ్ చేయకుండానే తేల్చుకోవాలి అనుకున్నప్పుడు. మామూలు ప్రొఫైల్ ఫొటో ఫామ్‌కి ఇమేజ్ ఆబ్జెక్ట్ చాలు.

నిలువు ఫొటో ఎందుకు అడ్డంగా లెక్కలోకి వస్తుంది

ఫోన్‌ని నిలువుగా పట్టుకుని తీసినా, చాలా ఫోన్లు పిక్సెల్స్‌ని సెన్సర్ ఉన్న దిక్కులోనే అడ్డంగా రాసి, చూపించేటప్పుడు 90 డిగ్రీలు తిప్పు అని ఎగ్జిఫ్‌లో ఒక నోట్ పెడతాయి. ఆ ట్యాగ్ నంబర్ 274, విలువలు 1 నుంచి 8, వీటిలో 5 నుంచి 8 వరకు ఏది ఉన్నా వెడల్పు ఎత్తు తారుమారు అవుతాయి. 2020లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడూ ఆ నోట్‌ని డీఫాల్ట్‌గా పాటించడం మొదలుపెట్టాయి, కాబట్టి బ్రౌజర్‌లో నేచురల్‌విడ్త్ 3024, ఎత్తు 4032 అని వస్తుంది. అదే ఫైల్ సర్వర్‌కి వెళ్లాక పీహెచ్‌పీలో గెట్‌ఇమేజ్‌సైజ్ అంటే 4032×3024 అంటుంది, పైథాన్ పిల్లో లైబ్రరీలో సైజ్ అడిగినా అదే, అవి ఆ నోట్‌ని పట్టించుకోకుండా లోపల రాసిన పిక్సెల్స్ చెప్తాయి. మీ రూల్ ఎత్తు కనీసం 4000 ఉండాలి అని ఉంటే బ్రౌజర్ ఓకే అంటుంది, సర్వర్ కాదంటుంది, మధ్యలో యూజర్‌కి పిచ్చెక్కుతుంది. పైన చెప్పినట్టు బైట్లు మనమే చదివితే మనకీ తిప్పని కొలతలే వస్తాయి. అందుకని రెండు వైపులా ఒకే లెక్క, తిప్పాక వచ్చే లెక్క, వాడాలి. పిల్లోలో దానికి ఎగ్జిఫ్ ట్రాన్స్‌పోజ్ అని ఫంక్షన్ రెడీగా ఉంది. లేదంటే రూల్‌నే పొడుగు వైపు ఇంత, పొట్టి వైపు ఇంత అని రాసుకుంటే ఈ గొడవ సగం తగ్గిపోతుంది.

చదవలేకపోతే ఏం చేయాలి

ఐఫోన్లు 2017లో ఐఓఎస్ 11 నుంచి ఫొటోల్ని హెచ్ఈఐసీ ఫార్మాట్‌లో దాచుకుంటున్నాయి. అది కంప్యూటర్‌లోకి తెచ్చి క్రోమ్‌లో అప్‌లోడ్ చేస్తే ఇమేజ్ ఆబ్జెక్ట్ దాన్ని తెరవలేదు, ఆన్‌ఎర్రర్ వస్తుంది. అప్పుడు ఇది ఫొటో కాదు అని మెసేజ్ చూపించే సైట్లు ఉన్నాయి, యూజర్ కళ్ల ముందు అది చక్కటి ఫొటో, వాళ్ల గ్యాలరీలో తెరుచుకుంటోంది, మనం కాదంటున్నాం. ఎస్‌వీజీ ఇంకో రకం, అది పిక్సెల్స్ ఉన్న బొమ్మ కాదు, గీతల వర్ణన, దాంట్లో విడ్త్ హైట్ రాయకుండా వ్యూబాక్స్ (గీతలకి సొంత కొలమానం ఇచ్చే చట్రం) మాత్రమే ఉంటే బ్రౌజర్‌ని బట్టి నేచురల్‌విడ్త్ ఒక్కోలా వస్తుంది, దానికి పిక్సెల్ రూల్ పెట్టడమే అర్థం లేని పని.

ఇక్కడే నేను గట్టిగా చెప్పాలనుకున్న మాట ఉంది. బ్రౌజర్‌లో పెట్టే ఈ చెక్ యూజర్ టైమ్ కాపాడడానికి, సర్వర్‌ని కాపాడడానికి కాదు. జావాస్క్రిప్ట్ ఆపేసి పంపొచ్చు, డెవలపర్ టూల్స్‌లో కోడ్ మార్చొచ్చు, అసలు పేజీయే తెరవకుండా నేరుగా రిక్వెస్ట్ పంపొచ్చు. కాబట్టి రెండు చోట్లా చెక్ ఉంటుంది, కానీ స్వభావం వేరుగా ఉండాలి. బ్రౌజర్ కచ్చితంగా తప్పు అని తెలిసినప్పుడే ఆపాలి, అనుమానం ఉంటే, చదవలేకపోతే, వదిలేసి సర్వర్‌కి పంపాలి. సర్వర్ దానికి పూర్తి రివర్స్, చదవలేకపోతే, అనుమానం వస్తే, ఆపేయాలి. ఈ రెండిటినీ తారుమారు చేస్తే మంచి ఫొటో ఉన్న యూజర్ బయట నిలబడతాడు, చెడ్డ ఉద్దేశంతో వచ్చినవాడు లోపలికి వస్తాడు. ఒకే రంగు నింపిన 20000×20000 పీఎన్‌జీ డిస్క్ మీద ఒక ఎంబీ కూడా ఉండకపోవచ్చు, విప్పితే 160 కోట్ల బైట్లు, ఫైల్ సైజు లిమిట్ ఒక్కటే పెట్టుకున్న సర్వర్ దాన్ని ఆనందంగా లోపలికి తీసుకుని మెమరీ అయిపోయి పడిపోతుంది. అందుకే పిల్లో సుమారు 8.9 కోట్ల పిక్సెల్స్ దాటితే వార్నింగ్ ఇస్తుంది, దానికి రెట్టింపు దాటితే తెరవనే తెరవదు.

రూల్స్ గురించి కూడా ఒక మాట. కనీసం ఇంత ఉండాలి అనే రూల్ న్యాయమైనది, చిన్న ఫొటోలో లేని పిక్సెల్స్ ఎవరూ పుట్టించలేరు, ఆపాల్సిందే. ఇంతకంటే పెద్దది ఉండకూడదు అనే రూల్ మాత్రం చాలాచోట్ల బద్ధకంతో పెట్టింది, పెద్ద ఫొటోని కాన్వాస్ మీద గీసి బ్రౌజర్‌లోనే చిన్నది చేసి పంపొచ్చు, అప్‌లోడ్ కూడా త్వరగా అవుతుంది, యూజర్‌ని వేరే యాప్ వెతుక్కోమనడం దేనికి. అలా చేస్తే ఎగ్జిఫ్ పోతుంది, లొకేషన్ వివరాలు కూడా పోతాయి, మామూలుగా అది మంచిదే, ఫొటోగ్రఫీ సైట్‌కి మాత్రం ఆలోచించుకోవాలి. సరిగ్గా ఇంతే ఉండాలి అనే రూల్ అన్నిటికంటే ఘోరం, దానికి క్రాప్ టూల్ ఇవ్వండి. నిష్పత్తి చూడాలంటే కొంచెం వదులు ఇవ్వండి, 1366×768 ని అందరూ 16:9 అనే అంటారు కానీ భాగించి చూస్తే 1.7786 వస్తుంది, 16:9 అంటే 1.7778, సమానమా అని కోడ్‌లో అడిగితే కాదంటుంది.

చిన్నచిన్నవి కొన్ని ఉన్నాయి, ఇవే ఎక్కువ టైమ్ తింటాయి. తప్పు ఫొటో అని చెప్పాక యూజర్ అదే ఫైల్‌ని ఎడిట్ చేసి అదే పేరుతో మళ్లీ ఎంచుకుంటే చేంజ్ ఈవెంట్ రాకపోవచ్చు, అందుకే తిరస్కరించిన వెంటనే ఇన్‌పుట్ విలువని ఖాళీ చేయాలి. యూజర్ ఒక ఫొటో ఎంచుకుని వెంటనే మనసు మార్చుకుని ఇంకోటి ఎంచుకుంటే, మొదటిదాని జవాబు ఆలస్యంగా వచ్చి రెండోదాని మీద రాసేస్తుంది, ఒక నంబర్ పెట్టుకుని తాజా ఫైల్ జవాబునే తీసుకోవాలి. ఏ రకం ఫైళ్లు కావాలో చెప్పడానికి ఆక్సెప్ట్ అని ఇన్‌పుట్‌కి పెట్టేది సలహా మాత్రమే, అన్ని ఫైళ్లూ చూపించు అని మార్చుకుని ఏదైనా ఎంచుకోవచ్చు, మీ సొంత డ్రాగ్ అండ్ డ్రాప్ ఏరియాకి అయితే అది అసలు వర్తించదు. సైట్‌కి కంటెంట్ సెక్యూరిటీ పాలసీ (పేజీ ఎక్కడి నుంచి ఏమేం లోడ్ చేసుకోవచ్చో చెప్పే రూల్స్) ఉండి దాంట్లో ఇమేజ్ సోర్సుల కింద బ్లాబ్‌ని అనుమతించకపోతే ప్రతి ఫొటోకీ ఆన్‌ఎర్రర్ వస్తుంది, లోకల్‌లో బాగుండి ప్రొడక్షన్‌లో ఏ ఫొటో పనిచేయట్లేదంటే ముందు అది చూడండి.

మెసేజ్ రాసేటప్పుడు రూల్ ఒక్కటే చెప్పకుండా వాళ్ల ఫొటో కొలత కూడా చెప్పండి, మీ ఫొటో 640×480 ఉంది, కనీసం 1200×800 కావాలి అంటే ఎంత తేడా ఉందో అర్థమవుతుంది, ఇన్వాలిడ్ డైమెన్షన్స్ అంటే ఏం చేయాలో ఎవరికీ తెలియదు. ఒకేసారి చాలా ఫొటోలు ఎంచుకుంటే ఏది తప్పో పేరుతో చెప్పి మిగతావి అలాగే ఉంచండి, ఒక్కదాని కోసం అన్నీ తీసేయకండి. టెస్ట్ చేయడానికి కొన్ని ఫైళ్లు దగ్గర పెట్టుకోండి: నిలువుగా తీసిన ఫోన్ జేపెగ్ ఒకటి, హెచ్ఈఐసీ ఒకటి, వ్యూబాక్స్ మాత్రమే ఉన్న ఎస్‌వీజీ, పేరు మార్చిన టెక్స్ట్ ఫైల్, సున్నా బైట్ల ఫైల్, ఇంకా సగంలో తెగిపోయిన జేపెగ్. ఆ చివరిది తప్పకుండా పెట్టుకోండి, దాని హెడర్ బాగానే ఉంటుంది కాబట్టి కొలతల చెక్ పాసైపోతుంది, కింద సగం బూడిద రంగులో వస్తుంది, అది పట్టుకోవాల్సింది సర్వర్‌లో పూర్తిగా డీకోడ్ చేసే కోడ్.